‘స్లోగా ఉంది’ అని రాసినవాళ్లకు ఏం జవాబివ్వాలి?

ప్రశ్న: మాది గేములు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్. కోడ్ రాయడం వచ్చినవాళ్లూ, రానివాళ్లూ వాడతారు. సపోర్టులో నలుగురం పనిచేస్తున్నాం. ఎర్రర్ వచ్చిందని రాసేవాళ్ల సమస్య రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది. ‘స్లోగా ఉంది’, ‘ల్యాగ్ కొడుతోంది’ అని రాసేవాళ్లవి మాత్రం వారాల తరబడి నానుతున్నాయి. డ్రైవర్ అప్‌డేట్ చేయమంటాం, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటాం. తగ్గలేదంటారు. ఇంజినీర్లకు పంపితే ‘మా దగ్గర బాగానే నడుస్తోంది’ అని తిప్పి పంపేస్తారు. చివరికి అవతలివాళ్లు విసిగిపోయి రాయడం మానేస్తారు, మేం టికెట్ (ఆ ఫిర్యాదు నమోదు) మూసేస్తాం. దీన్ని బాగుచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: ఎర్రర్ మెసేజ్ తన చిరునామా తానే చెప్పుకుంటుంది. ఏ ఫైలు, ఏ లైను, ఏ ఫంక్షన్ అన్నీ అందులోనే ఉంటాయి. ‘స్లో’ అన్న మాటకు ఆ చిరునామా లేదు. ప్రాజెక్టు తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పడుతున్నవాళ్లూ ‘స్లో’ అనే రాస్తారు, శత్రువు పేలినప్పుడల్లా తెర అర సెకను బిగుసుకుపోతున్నవాళ్లూ ‘స్లో’ అనే రాస్తారు, అరగంట ఆడాక ఆట ఈడ్చుకుంటూ నడుస్తున్నవాళ్లూ అదే మాట రాస్తారు. ఈ ముగ్గురికీ మీ దగ్గర్నుంచి వెళ్తున్న జవాబు ఒక్కటే: డ్రైవర్, రీఇన్‌స్టాల్. నాడి చూడకుండా మందిచ్చినట్టు. ‘స్లో’ అన్న మాట మిల్లీసెకన్ల అంకెగా మారకముందే టికెట్ చేతులు మారిపోతోంది, అసలు తంటా అక్కడుంది. దాన్ని సరిచేయాలంటే మీరు రాసే మొదటి జవాబు మారాలి, సాఫ్ట్‌వేర్ లోపల కొంత కోడ్ చేరాలి, ఇంజినీర్లతో ఒక ఒప్పందం కుదరాలి.

ముందుగా తేల్చుకోవాల్సింది ‘ఎక్కడ’ అన్నది. గేము తయారీలో స్లో అయ్యే చోట్లు ఐదు: ప్రాజెక్టు తెరవడం, బొమ్మలూ శబ్దాలూ ఇంపోర్ట్ కావడం (ప్రాజెక్టులోకి చేరడం), ఎడిటర్‌లో పనిచేసుకోవడం, ఎడిటర్‌లోంచే ప్లే నొక్కి ఆడి చూడటం, ఎక్స్‌పోర్ట్ చేసిన గేము విడిగా నడవడం. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి పనికిరాదు. ఇంపోర్ట్ స్లో అన్నవాళ్లకు గ్రాఫిక్స్ డ్రైవర్ గురించి చెప్పడం చాలావరకు వృథా. అక్కడ చూడాల్సినవి డిస్కు, యాంటీవైరస్, ఫోల్డరు ఉన్న చోటు. తిరిగే హార్డ్ డిస్కుకు ఒక్కో ఫైలు వెతికి పట్టుకోవడానికి దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రాజెక్టులో 20,000 చిన్న ఫైళ్లుంటే వెతుకులాటకే 200 సెకన్లు, అంటే మూడు నిమిషాల పైన. దానికి తోడు ప్రతి ఫైలునీ యాంటీవైరస్ తెరిచి చూస్తుంది. ప్రాజెక్టు గనక క్లౌడ్‌కు సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఉంటే, ఇంపోర్టర్ రాసే తాత్కాలిక ఫైళ్లన్నీ రాసినవి రాసినట్టు నెట్‌లోకి ఎక్కడం మొదలవుతుంది. మధ్యలో ఫైలు లాక్ అయి ఇంపోర్ట్ మళ్లీ మొదటికొస్తుంది కూడా. చెప్పాల్సిందల్లా ప్రాజెక్టును సింక్ లేని ఫోల్డర్‌కు, వీలైతే ఎస్‌ఎస్‌డీకి మార్చమని, ఇంపోర్ట్ కాష్ (ఒకసారి చేసిన పనిని దాచుకునే) ఫోల్డర్ ఒక్కదాన్నే యాంటీవైరస్ మినహాయింపుల్లో చేర్చమని. మొత్తం డ్రైవ్‌ని మినహాయించమని మాత్రం ఎప్పుడూ చెప్పకండి, అది వాళ్ల భద్రతకే ముప్పు.

ఎడిటర్‌లో ప్లే నొక్కితే స్లో, ఎక్స్‌పోర్ట్ చేస్తే బాగుంది అంటే అందులో పెద్దగా రహస్యం లేదు. ఎడిటర్ తన కిటికీలన్నీ గీసుకుంటూ, డీబగ్గర్ (తప్పులు వెతికే పనిముట్టు) తగిలించుకుని ఆటను నడుపుతుంది. అందుకే ఆట వేగం మీద వచ్చే ఏ ఫిర్యాదుకైనా, ఎక్స్‌పోర్ట్ చేసిన రిలీజ్ బిల్డ్‌లో (విడుదలకు తయారుచేసిన రూపంలో) కొలిచిన అంకెనే ఆధారంగా తీసుకోవాలి. గేమ్‌మేకర్ లాంటి గేము ఇంజిన్లలో ఒకే ప్రాజెక్టును వీఎంతోనూ (కోడ్‌ను చదువుతూ నడిపేది), వైవైసీ కంపైలర్‌తోనూ (కోడ్‌ను ముందే మెషీన్ భాషలోకి మార్చేది) బిల్డ్ చేయొచ్చు. స్క్రిప్టు బరువుగా ఉన్న ఆటలో రెండింటి వేగానికీ బాగా తేడా ఉంటుంది. ఏ బిల్డ్ అని అడగకుండా రెండు వేగాలను పోల్చడం కుదరదు.

రెండో ప్రశ్న మరీ ముఖ్యం, నలుగురూ కంఠతా పట్టాల్సింది: ఎప్పుడూనా, అప్పుడప్పుడూనా, పోనుపోనూనా? స్లో రూపం తెలిస్తే కారణాల్లో చాలావరకు పక్కకు తప్పుకుంటాయి.

‘ఎప్పుడూ’ అంటే ప్రతి ఫ్రేమూ (తెర మీద గీసే ఒక్కో బొమ్మ) బరువుగా ఉంది. ఆ బరువు సీపీయూ (ప్రాసెసర్) మీదా, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీదా అన్నది పది సెకన్లలో తేలుతుంది. రిజల్యూషన్ సగానికి తగ్గించి చూడమనండి. 3840 బై 2160 తెరలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లుంటాయి, 1920 బై 1080 లో దాదాపు 20 లక్షల 73 వేలు, సరిగ్గా నాలుగో వంతు. తగ్గించగానే వేగం పెరిగితే పిక్సెళ్లు నింపలేక జీపీయూ అలసిపోతోంది. ఏమీ మారకపోతే స్క్రిప్టు, ఫిజిక్స్ (కదలిక, ఢీకొనడం లెక్కలు), డ్రా కాల్స్ (ఇది గీయమని జీపీయూకిచ్చే ఆదేశాలు) వైపు వెళ్లాలి.

‘అప్పుడప్పుడూ’ అంటే, ఆ అప్పుడప్పుడు ఎప్పుడో అడగాలి. ఒక పేలుడో, కొత్త ఆయుధమో మొదటిసారి కనిపించినప్పుడే బిగుసుకుపోయి, రెండోసారి హాయిగా నడిస్తే అది షేడర్ (రంగులూ వెలుగులూ లెక్కగట్టే జీపీయూ ప్రోగ్రాము) కంపైల్ అయ్యే ఆలస్యం. డ్రైవర్ మార్చగానే డ్రైవర్ దాచుకున్న షేడర్ కాష్ చెల్లకుండా పోతుంది కాబట్టి, ఇలాంటివాళ్లకు డ్రైవర్ అప్‌డేట్ చేయమని చెబితే ఆ రోజు ఆట ముందుకంటే ఎక్కువ కుదుపుతుంది. మీ మొదటి జవాబే జబ్బును పెంచుతుంది. దీనికి మందు వాడేవాళ్ల దగ్గర లేదు, ఇంజిన్‌లో ఉంది: గోడో ఇంజిన్ 4.4 లో ఊబర్‌షేడర్లు (అసలు షేడర్ తయారయ్యేదాకా పనికొచ్చే ఉమ్మడి షేడర్లు) తెచ్చినా, అన్‌రియల్ ఇంజిన్ 5 లో పీఎస్‌ఓ ప్రీకాషింగ్ (షేడర్లను ముందే సిద్ధం చేసుకోవడం) పెట్టినా ఇందుకే. మీ సాఫ్ట్‌వేర్‌లో అలాంటిది లేకపోతే, లోడింగ్ తెర మీద ఉన్నప్పుడే ప్రతి ఎఫెక్టునూ కెమెరా ముందు ఒక్క ఫ్రేము గీయించే పద్ధతిని సపోర్ట్ జవాబుగా ఇవ్వొచ్చు. ఎఫెక్టులతో సంబంధం లేకుండా కొన్ని సెకన్లకోసారి, దాదాపు ఒకే ఎడంతో కుదుపు వస్తుంటే గార్బేజ్ కలెక్షన్‌ని (వాడకం అయిపోయిన మెమరీని ఊడ్చే పనిని) అనుమానించాలి. ప్రతి ఫ్రేములో కొత్త స్ట్రింగులూ, కొత్త లిస్టులూ పుట్టిస్తుంటే చెత్త పేరుకుని ఒకేసారి ఊడ్చాల్సి వస్తుంది. యూనిటీ ఇంజిన్ 2019 వెర్షన్ల నుంచి ఆ ఊడ్పును చిన్న చిన్న ముక్కలుగా చేసే వీలు ఇచ్చింది, అయినా చెత్త పుట్టించకపోవడమే మేలు.

‘పోనుపోనూ’ అన్నవాళ్లకు ఒక్క పరీక్ష చాలు. ఆట స్లో అయిన వెంటనే దాన్ని మూసి, ఆలస్యం చేయకుండా మళ్లీ తెరవమనండి. తెరవగానే చురుగ్గా నడిస్తే ఆటలోనే ఏదో పేరుకుపోతోంది. చాలాసార్లు అది తెర దాటి వెళ్లిపోయినా చావని బుల్లెట్లు. మళ్లీ తెరిచినా అదే ఈడ్పు ఉంటే మెషీన్ వేడెక్కి, ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంది. పది నిమిషాలు చల్లారాక చూస్తే ఆ సంగతి ఖాయమవుతుంది.

ఇంకో తేడా కూడా అడిగి తెలుసుకోవాలి: ఆట కుదుపుగా నడుస్తోందా, లేక నీళ్లలో నడిచినట్టు మొత్తంగా నెమ్మదించిందా? రెండోదైతే ఫిజిక్స్ అప్పు అని పట్టుకోవచ్చు. గోడో మామూలుగా సెకనుకు 60 ఫిజిక్స్ అడుగులు వేస్తుంది, యూనిటీ 0.02 సెకన్లకొకటి చొప్పున 50. 16.67 మిల్లీసెకన్లలో పూర్తికావాల్సిన అడుగు 20 తీసుకుంటే తర్వాతి ఫ్రేములో బాకీ అడుగు కూడా వేయాలి, దాంతో ఆ ఫ్రేము ఇంకా ఆలస్యం, బాకీ ఇంకా ఎక్కువ. వడ్డీ మీద వడ్డీ. ఆ బాకీకి ఇంజిన్లు ఒక హద్దు పెడతాయి, గోడోలో అది ఫ్రేముకు 8 అడుగులు. హద్దు తగిలాక ఆటలోని కాలమే బయటి కాలంకంటే నెమ్మదిగా కదులుతుంది. గ్రాఫిక్స్ సెట్టింగులు ఎన్ని తగ్గించినా ఈ సమస్య తగ్గదు. ఒకదాన్నొకటి ఢీకొనే వస్తువుల సంఖ్య తగ్గాలి, లేదా వాటి ఆకారాలు తేలికవ్వాలి.

ఇప్పుడు అంకెల సంగతి. మీ టికెట్లలో ఎఫ్‌పీఎస్‌ని (సెకనుకు ఎన్ని ఫ్రేములన్న అంకెను) రెండో వరుసకు నెట్టి, మిల్లీసెకన్లను ముందుకు తీసుకురండి. ‘300 ఉండేది 200 కు పడిపోయింది’ అని ఒకరు గగ్గోలు పెడతారు, ‘60 ఉండేది 50 అయింది’ అని ఇంకొకరు మెల్లగా రాస్తారు. మొదటివాళ్లు పోగొట్టుకున్నది ఫ్రేముకు 1.67 మిల్లీసెకన్లు, రెండోవాళ్లు 3.33. నష్టం రెండింతలున్నది మెల్లగా రాసినవాళ్లకే. సగటు ఎఫ్‌పీఎస్ ఇంతకంటే మోసం చేస్తుంది. ఒక సెకనులో 59 ఫ్రేములు పదేసి మిల్లీసెకన్లలో వచ్చి, ఒక్క ఫ్రేము 410 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. మొత్తం 60 ఫ్రేములు, సరిగ్గా 1000 మిల్లీసెకన్లు. మీటరు 60 చూపిస్తుంది, ఆడుతున్న మనిషికి మాత్రం ఆట దాదాపు అర సెకను ఆగిపోయింది. ‘60 వస్తోంది కదండీ’ అని సపోర్టు నుంచి జవాబు వెళ్తే వాళ్లకు ఒళ్లు మండదా? కాబట్టి ప్రతి కొలతలోనూ మూడు అంకెలుండాలి: మధ్యస్థ ఫ్రేము, నూటికి 99 ఫ్రేములు ఎంతలోపు పూర్తయ్యాయి, అన్నిటికంటే బరువైన ఫ్రేము ఎంత.

వీసింక్ (మానిటర్ వేగానికి ఫ్రేములను జతచేసే అమరిక) వేసి ఉన్న 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు మారే) మానిటర్ మీద 16.67 లో అందాల్సిన ఫ్రేము 17.5 కు అందితే, కొన్ని అమరికల్లో అది తర్వాతి వంతు దాకా ఆగి 33.3 అవుతుంది. వాడేవాళ్లకు 60 కాస్తా ఒక్కసారిగా 30 అయినట్టు కనిపిస్తుంది, నిజానికి దాటింది ఒక మిల్లీసెకను కూడా కాదు. కొలిచే ముందు వీసింక్ తీసేయమనడం ఇందుకే.

ఇవన్నీ వాడేవాళ్ల చేత ఈమెయిళ్లలో ఒక్కొక్కటీ చెప్పించాలంటే మళ్లీ వారాలు పడుతుంది. సాఫ్ట్‌వేరే చెప్పాలి. హెల్ప్ మెనూలో ‘వేగం రిపోర్టు’ అని ఒక్క బటన్ పెట్టించండి. మీ ఇంజినీర్ల దగ్గర్నుంచి ఒకే ఒక్క వరం అడిగే వీలుంటే దీన్నే అడగండి.

అది ఎలా పనిచేయాలంటే, బటన్ నొక్కాక కొలవడం మొదలుపెట్టకూడదు. కుదుపు వచ్చి వెళ్లిపోయాకే కదా మనిషి బటన్ వైపు చెయ్యి చాపేది. చివరి ఐదు నిమిషాల ఫ్రేముల లెక్క ఎప్పుడూ మెమరీలో తిరుగుతూ ఉండాలి, పాతది చెరిపి కొత్తది రాసుకుంటూ. బరువవుతుందని ఇంజినీర్లు అభ్యంతరం చెబితే లెక్క చూపించండి: సెకనుకు 60 చొప్పున ఐదు నిమిషాలకు 18,000 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు ఏడు అంకెలు (మొత్తం, స్క్రిప్టు, ఫిజిక్స్, యానిమేషన్, డ్రా ఆదేశాలు, జీపీయూ, ఎదురుచూపు), ఒక్కో అంకెకు 4 బైట్లు. అంతా కలిపి 5,04,000 బైట్లు, అర మెగాబైటు. అన్‌రియల్‌లో ‘స్టాట్ యూనిట్’ అని కొడితే ఫ్రేమ్, గేమ్, డ్రా, జీపీయూ అని విడివిడిగా సమయాలు తెర మీదికొస్తాయి. ఆ ఒక్క ఆదేశం వల్ల ఎంత వాదన తప్పుతుందో అది వాడేవాళ్లకు తెలుసు. జీపీయూ సమయం తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త: ఆ ఫ్రేము జవాబు కోసం ఆ ఫ్రేములోనే ఆగకూడదు. ఒకటి రెండు ఫ్రేములు పోయాక తీసుకోవాలి. ఆగితే సీపీయూ, జీపీయూ ఒకదాని కోసం ఒకటి నిలబడిపోయి, కొలతే ఆటను స్లో చేస్తుంది.

అంకెల పక్కన పరిసరాల వివరాలు కూడా ఉండాలి. సాఫ్ట్‌వేర్ బిల్డ్ నంబరు, ఆపరేటింగ్ సిస్టమ్, ప్రాసెసర్, మొత్తం ర్యామ్, ఖాళీ ర్యామ్, మెషీన్‌లో ఉన్న జీపీయూలన్నీ, వాటిలో వాడుతున్నది ఏది, డ్రైవర్ వెర్షన్, విండో సైజు, మానిటర్ హెర్ట్జ్, వీసింక్ ఉందా, ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టి ఉందా బ్యాటరీ మీదుందా, ప్రాజెక్టు ఏ రకం డిస్కు మీదుంది, డీబగ్ బిల్డా రిలీజా. ఫోల్డర్ దారిలో మనిషి పేరు కనిపిస్తుంది కాబట్టి దాన్ని తుడిచేయాలి. స్క్రిప్టులూ బొమ్మలూ వెళ్లకూడదు. పంపే ముందు ఆ ఫైలు మామూలు టెక్స్ట్‌గా వాళ్లకు కనిపించాలి, ఇష్టం లేని లైను తీసేసుకునే వీలుండాలి.

అలాంటి రిపోర్టు ఒకటి వస్తే ఎలా చదవాలో చూడండి. ‘మధ్యస్థ ఫ్రేము 31.8. స్క్రిప్టు 2.1. ఫిజిక్స్ 0.9. యానిమేషన్ 0.4. డ్రా ఆదేశాలు 3.4. జీపీయూ 30.9. ఎదురుచూపు 24.6. జీపీయూలు రెండు. వాడుతున్నది: ప్రాసెసర్‌లో భాగమైనది. చార్జర్: ఉంది.’ సీపీయూ పనులన్నీ కూడితే 7 కూడా దాటలేదు, మిగతాదాంట్లో 24.6 జీపీయూ కోసం ఎదురుచూపే. పక్కనే పెద్ద జీపీయూ ఖాళీగా కూర్చుంది. ఇక రెండో ఈమెయిల్ అక్కర్లేదు. విండోస్ 11 లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ లోకి వెళ్లి, ఆ ప్రోగ్రామును జాబితాలో చేర్చి, హై పెర్ఫార్మెన్స్ ఎంచుకుని, ప్రోగ్రామును మూసి తెరవమని రాస్తే చాలు. ఎక్స్‌పోర్ట్ చేసిన గేముకు కూడా విడిగా అదే చేయాలని గుర్తుచేయండి; ఎడిటర్‌కు పెట్టిన సెట్టింగు గేముకు అంటదు. ఇలాంటి టికెట్లు పదే పదే వస్తుంటే ఇంజినీర్లకు చెప్పండి: రెండు జీపీయూల ల్యాప్‌టాప్‌లలో పెద్దదాన్ని కోరడానికి ఎన్‌విడియా, ఏఎండీ డ్రైవర్లు ఎక్జిక్యూటబుల్ ఫైలు నుంచి ఎగుమతయ్యే ఒక్కో వేరియబుల్ కోసం చూస్తాయి. ఆ రెండింటినీ ఎడిటర్‌లోనూ, ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్‌లోనూ పెడితే ఈ రకం టికెట్లు చాలావరకు రావు.

బటన్ వచ్చేదాకా (రిపోర్టు మాట వదిలేసి), వచ్చిన తర్వాత కూడా, మొదటి జవాబు దాదాపు ఇలా ఉండాలి:

‘నమస్కారమండీ. మీ పని ఆగిపోతోందని అర్థమైంది, కారణం పట్టుకుందాం. మూడు సంగతులు చెప్పండి. ఒకటి, స్లో అవుతున్నది ఎక్కడ: ప్రాజెక్టు తెరిచేటప్పుడా, ఇంపోర్ట్‌లోనా, ఎడిటర్‌లోనా, ప్లే నొక్కినప్పుడా, ఎక్స్‌పోర్ట్ చేసిన గేములోనా? రెండు, ఎప్పుడూ ఉంటుందా, అప్పుడప్పుడూ బిగుసుకుపోతుందా, ఆడేకొద్దీ పెరుగుతుందా? మూడు, ఇంతకుముందు బాగుండేదా? అయితే ఆ మధ్యలో ఏం మారింది, సాఫ్ట్‌వేర్ వెర్షనా, మెషీనా, ప్రాజెక్టులో చేర్చినదేదైనానా? స్లో అయిన వెంటనే హెల్ప్ మెనూలో వేగం రిపోర్టు నొక్కి, వచ్చిన ఫైలు జతచేయండి. అప్పటిదాకా దేన్నీ తీసేయకండి, మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. రిపోర్టు అందిన మర్నాటికల్లా, తేలినా తేలకపోయినా, ఎక్కడిదాకా వచ్చామో రాస్తాం.’

రిపోర్టును ఫైలు అనే పిలవండి, ‘లాగ్ పంపండి’ అని రాయకండి. అప్పటికే ల్యాగ్ గురించి రాసిన మనిషి ఆ ‘లాగ్’ని ల్యాగ్‌గానే చదువుకుని, స్లో అయ్యే వీడియో తీసి పంపుతారు. ‘దేన్నీ తీసేయకండి’ అన్న మాట కూడా ఊరికే పెట్టింది కాదు. రీఇన్‌స్టాల్ చేస్తే కాష్‌లూ సెట్టింగులూ పోవచ్చు, డ్రైవర్ మారిస్తే పాతది పోతుంది, వాటితోపాటు ఆధారమూ పోతుంది. డ్రైవర్ మార్చమనడానికి సరైన సందర్భాలు లేకపోలేదు: రిపోర్టులోని వెర్షన్ మీ దగ్గరున్న చెడ్డ డ్రైవర్ల జాబితాలో ఉంటే, లేదా తెర ఒక్క క్షణం నల్లబడి ‘డివైస్ లాస్ట్’ (జీపీయూతో సంబంధం తెగిపోయింది) అని వస్తుంటే. అయితే ఈ రెండో దాంట్లోనూ తొందరపడొద్దు. జీపీయూ రెండు సెకన్లు పలక్కపోతే విండోస్ మామూలుగా డ్రైవర్‌ని మళ్లీ మొదలుపెడుతుంది. ఒకే ఫ్రేములో మోయలేనంత పని పెట్టిన షేడర్ కూడా ఇలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు సున్నితమైన సంగతి. చాలా టికెట్లలో కారణం వాడేవాళ్ల ప్రాజెక్టులోనే తేలుతుంది. ‘సమస్య మీ ప్రాజెక్టులో ఉంది’ అని రాసి మూసేస్తే, నిజం చెప్పి కూడా మనిషిని పోగొట్టుకుంటారు. ఏ వస్తువు, ఎన్ని మిల్లీసెకన్లు, ఎందుకు, ఏం చేస్తే ఎంత తగ్గుతుంది: ఈ నాలుగూ చెప్పండి. ఉదాహరణకు, ‘మీ పొగమంచు సీనులో తెరంతా కప్పే పారదర్శక పొరలు పది ఉన్నాయి. 1920 బై 1080 తెర మీద పది పొరలంటే ఫ్రేముకు రెండు కోట్ల పైగా పిక్సెళ్లు, సెకనుకు 124 కోట్లు. పొరలను మూడుకు తగ్గించి, ఒక్కోదాన్ని కాస్త చిక్కగా చేసి చూడండి.’ ఇలా రాస్తే వాళ్లకు అవమానం అనిపించదు, తర్వాతి సీను వాళ్లే జాగ్రత్తగా కట్టుకుంటారు.

మళ్లీ మళ్లీ తగిలేవి ఇంకో రెండున్నాయి. డిస్కు మీద 2 ఎంబీ ఉన్న పీఎన్‌జీ బొమ్మను చూసి తేలికే అనుకుంటారు; అది 4096 బై 4096 అయితే కంప్రెషన్ లేకుండా జీపీయూ మెమరీలో 64 ఎంబీ, మిప్‌మ్యాప్‌లు (దూరంగా కనిపించేటప్పుడు వాడే చిన్న నకళ్లు) కలిపితే 85 దాకా. అలాంటివి ముప్పై ఉంటే చిన్న జీపీయూ చేతులెత్తేస్తుంది. రెండోది, ప్రతి వస్తువూ ప్రతి ఫ్రేములో మిగతా అన్ని వస్తువుల దూరం చూసుకోవడం. 200 వస్తువులకు దాదాపు 40,000 లెక్కలు, తేడా ఏమీ తెలియదు. 2,000 కు 40 లక్షలు. వస్తువులు పదింతలైతే పని నూరింతలు, అందుకే ‘నిన్నటిదాకా బాగానే ఉంది, కొంచెమే పెంచాను’ అంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు.

ఒకే కారణం ఐదోసారి తేలిందంటే దాన్ని టికెట్‌గా ఉంచకండి, ఎడిటర్‌లో హెచ్చరికగా మార్పించండి. బొమ్మ ఇంపోర్ట్ అవగానే పక్కన ‘మెమరీలో 64 ఎంబీ’ అని కనిపిస్తే ఆ ప్రశ్న మీ దాకా రాదు.

రిపోర్టుతో తేలకపోతే ప్రాజెక్టు అడగాల్సి వస్తుంది. మొత్తం ప్రాజెక్టు పంపడానికి చాలామంది జంకుతారు, అది సహజం. సగం చేసే పద్ధతి నేర్పండి: ప్రాజెక్టు కాపీ తీసుకోవాలి, కాపీలోనే సీనులో సగం వస్తువులు తీసేయాలి, స్లో ఇంకా ఉంటే మిగిలినదాన్ని మళ్లీ సగం చేయాలి, పోతే తీసేసిన సగాన్ని వెనక్కి తెచ్చి, ఇప్పటిదాకా ఉంచిన సగం తీయాలి. వెయ్యి వస్తువులున్న సీను కూడా పదిసార్లలో ఒకటి రెండింటికి చేరుతుంది. అసలు ప్రాజెక్టును ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పండి. వాళ్లు పంపినది ఈ పనికి తప్ప దేనికీ వాడబోమని, టికెట్ ముగియగానే తుడిచేస్తామని రాసివ్వండి, రాసినట్టే తుడిచేయండి.

ఇక ‘మా దగ్గర బాగానే నడుస్తోంది’ అన్న మాట. ఇంజినీర్ల మెషీన్లు పెద్దవి, వాళ్ల అనుభవం వాళ్ల వరకు నిజమే. మీరు చెప్పే కనీస అవసరాలకు సరిపోయే మెషీన్ ఒకటి, అంటే మామూలు ప్రాసెసర్, అందులోని జీపీయూ, తక్కువ ర్యామ్ ఉన్నది, సపోర్ట్ బల్ల మీద ఎప్పుడూ ఉండాలి. టికెట్ అటు వెళ్లేటప్పుడు ‘ఫలానా సీను, ఫలానా మెషీన్, పాత వెర్షన్‌లో 11 మిల్లీసెకన్లు, కొత్తదాంట్లో 19’ అని ఒక్క వాక్యం ఉండాలి. ఇటు తిరిగొచ్చేటప్పుడు కూడా అంకె లేకుండా రాకూడదు. ఒప్పందం ఇంతే. కొత్త వెర్షన్ వల్లే స్లో అయిందని తేలితే, ఏ మార్పు వల్లనో మీరే పట్టివ్వగలరు: రెండు వెర్షన్ల మధ్య వెయ్యి మార్పులున్నా, మధ్యలోది పరీక్షిస్తూ సగం సగం చేసుకుంటూ వెళ్తే పది పరీక్షల్లో తేలుతుంది. గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే పనిముట్టులో) బైసెక్ట్ చేసేది అదే. దానికోసం రోజువారీ బిల్డ్‌లను పారేయకుండా దాచమనండి.

ముగిసిన టికెట్ల నుంచి అనుమతి తీసుకుని ఐదారు సీన్లు ఎంచి, ప్రతి రాత్రీ ఒకే మెషీన్ మీద నడిపించండి. మొదటి పరుగు కాష్‌లు నింపడానికే సరిపోతుంది, దాన్ని వదిలేసి తర్వాతి ఐదింటి మధ్యస్థాన్ని తీసుకోవాలి. హెచ్చరిక హద్దు పెట్టేముందు ఏమీ మార్చకుండానే రోజుకు రోజుకు ఎంత తేడా వస్తోందో ఒక వారం చూడండి. ఆ తేడా 3 శాతం అయితే హద్దు 3 దగ్గర పెట్టకండి; అది రోజూ మోగుతుంది, నెల తిరక్కుండా అందరూ దాన్ని పట్టించుకోవడం మానేస్తారు.

ప్రొఫైలర్ (ఏ పనికి ఎంత సమయమో కొలిచే పనిముట్టు) అంకెలు పంపించుకునేటప్పుడు ఒక్క మాట. ప్రతి ఫంక్షన్‌కూ గడియారం తగిలించే లోతైన ప్రొఫైలింగ్, యూనిటీలో డీప్ ప్రొఫైల్ లాంటిది, చిన్న ఫంక్షన్లను ఉన్నదానికంటే చాలా బరువుగా చూపిస్తుంది. అక్కడి అంకెలను ఎవరి వాటా ఎంత అన్నదానికి వాడండి, వేగం ఎంత అన్నదానికి కాదు.

వెంటనే బాగుచేయలేని లోపం బయటపడితే అదే మాట సూటిగా రాయండి, ‘పరిశీలిస్తున్నాం’ అని నెలలు లాగకండి. తాత్కాలిక మార్గం ఇస్తే దానివల్ల ఏం పోతుందో కూడా చెప్పండి: నీడలు ఆపితే 6 మిల్లీసెకన్లు మిగులుతాయి, గుహ సీను మాత్రం చప్పగా కనిపిస్తుంది. టికెట్ మూసేటప్పుడు కారణాన్ని రెండు మాటల్లో గుర్తుగా పెట్టండి: చిన్న జీపీయూ, షేడర్ కుదుపు, సింక్ ఫోల్డర్, వేడి, చావని బుల్లెట్లు. సహాయం పేజీల శీర్షికలు మాత్రం వాడేవాళ్ల నోటి మాటల్లోనే ఉండాలి. ‘మొదటి పేలుడుకు ఆట బిగుసుకుపోతోంది’ అని వెతికేవాళ్లకు ‘పైప్‌లైన్ కంపైలేషన్’ అన్న పేజీ దొరకదు.

మొదలుపెట్టడానికి బటన్ దాకా ఆగక్కర్లేదు. ఈ వారమే, జవాబు రాక మూసేసిన పాత టికెట్లలో ఇటీవలి ఇరవై తీయండి. అందులో ఎన్నింటికి ‘ఎక్కడ’, ‘ఎప్పుడు’ అన్న రెండు ప్రశ్నలకు జవాబు ఉందో చూడండి. లేనివాళ్లందరికీ పైన ఉన్న జవాబు పంపండి. అందులో రిపోర్టు మాట తీసేసి, దాని బదులు రిజల్యూషన్ సగం చేసి చూడమనీ, మూసి వెంటనే తెరిచి చూడమనీ ఆ రెండు పరీక్షలూ పెట్టండి. ఇంతకాలం సరిగ్గా అడగలేదని ఒప్పుకుంటూ మొదటి వాక్యం రాయండి.